డాక్టరు పక్కన నిలబడే మనిషికి జీతం ఎవరివ్వాలి?

(పుదుచ్చేరి పట్టణంలో తెలుగు మిత్రులు ఏర్పాటు చేసిన సభలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం.)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం ఇక్కడ కూడామో, ఆయన తన పేరును క్లినిక్ బోర్డు మీద తప్ప ఇంకెక్కడా రాయించుకున్న మనిషి కాదు. అచ్చులోనూ పేరు వేయవద్దని కుటుంబసభ్యులు కోరారు. అంచేత ఈ పాఠంలో ఆయన ‘డాక్టరుగారు’గానే ఉంటారు. యానాం నుంచి వచ్చి ముత్యాల్‌పేటలో స్థిరపడి, తెలుగువాళ్లకూ తమిళులకూ ఒకే బల్ల దగ్గర నాడి చూసిన ఆయన గురించి మీలో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు. ఆయన హస్తవాసి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయన పక్కన నిలబడ్డ మనిషి గురించి, అలాంటి మనుషుల జీతం గురించి, ఆ జీతం సర్కారు ఇవ్వాలా, ఇస్తే ఎలా ఇవ్వాలి అన్నదాని గురించి మాట్లాడతాను. జీతాల సంగతి స్మారకసభకు తగిన విషయమేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. డాక్టరుగారైతే తప్పకుండా తగినదే అనేవారు.

ఆయన కాంపౌండరు దగ్గర పొడవాటి బైండు పుస్తకం ఉండేది. అందులో వీధుల వారీగా పేర్లు. పేరు పక్కన షుగరో బీపీయో, ఏ గోళీ, ఎన్ని రోజులకు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు రావాలి. రావలసిన రోజు దాటి వారమైతే ఆ పేరు కింద ఎర్ర సిరాతో గీత పడేది. సాయంత్రం రోగుల రద్దీ తగ్గాక కాంపౌండరు సైకిలెక్కి ఆ గీతలున్న ఇళ్లకు వెళ్లేవాడు. “ఏమ్మా, గోళీలు అయిపోయి ఎన్నాళ్లయింది?” అని అరుగు మీద కూర్చుని అడిగేవాడు. డబ్బుల్లేక మానేశారా, ఒంట్లో బాగుందనుకుని మానేశారా, కళ్లు తిరుగుతున్నాయని భయపడ్డారా, ఎవరో చెప్పిన కషాయం తాగుతున్నారా, కారణం రాసుకుని మర్నాడు పొద్దున డాక్టరుగారి చెవిన వేసేవాడు. సగం వైద్యం ఆ పుస్తకంలోనే జరిగేదని నా నమ్మకం.

ఆ మనిషి జీతం డాక్టరుగారి ఫీజులోంచే వచ్చేది. ఫీజు పెంచడం ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి రెండో మనిషిని పెట్టుకోలేకపోయారు. ఒక నర్సమ్మ ఉంటే బాగుండునని చివరిదాకా అంటూనే ఉన్నారు. ఆయన పోయాక క్లినిక్ మూతపడింది. కాంపౌండరు ఒక మందుల షాపులో చేరాడు. ఆ పుస్తకంలోని పేర్ల వెంట వెళ్లే మనిషి ఇప్పుడు ఆ వీధుల్లో లేడు.

అలాంటి మనిషి అవసరం ఈ ఊరికి ఎంత ఉందో చెప్పే లెక్కలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023 జూన్‌లో వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటినవారిలో షుగర్ వ్యాధి ఉన్నవారు దేశం మొత్తం మీద 11.4 శాతం. గోవాలో 26.4 శాతం. ఆ వెంటనే పుదుచ్చేరి, 26.3 శాతం. స్థూలకాయం విషయంలోనైతే 53.3 శాతంతో దేశంలో మనదే మొదటి స్థానం. ఈ హాలులో ఉన్న పెద్దవాళ్లలో ప్రతి నలుగురికీ ఒకరు రోజూ గోళీ వేసుకోవలసినవారన్నమాట. జ్వరానికి డాక్టరును చూడడం వేరు, షుగరుకు చూడడం వేరు. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, షుగరు ముప్ఫై ఏళ్లు ఉంటుంది. ముప్ఫై ఏళ్లూ ఎవరో ఒకరు మన వెంట ఉండాలి.

డాక్టరుకు అంత సమయం ఎక్కడిది? 67 దేశాల్లో డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడో సమీక్షించిన పరిశోధన 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. మన దేశానికి తేలిన సగటు సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో చీటీ రాయగలరు. కాళ్లు చూడలేరు.

కాళ్లు చూడడమంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా అక్కడే ఉంది. చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. రోగిని బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, కళ్లు మూసుకోమంటారు. పోగును అరికాలికి నిటారుగా ఆనించి, అది కొంచెం వంగేదాకా నొక్కుతారు. వంగిందంటే పది గ్రాముల ఒత్తిడి పడినట్టు. బొటనవేలి అడుగున ఒకసారి, వేళ్ల మొదళ్లలో ఒక్కోచోట ఒక్కోసారి. ప్రతిసారీ రోగి ‘తగిలింది’ అనాలి. అనలేదంటే ఆ చోట నరం మొద్దుబారిందని అర్థం. ఆ కాలికి చెప్పులో పడ్డ రాయి తెలియదు, ఎండకు కాలిన సిమెంటు నేల తెలియదు. తర్వాత వేళ్ల సందులు విడదీసి చూస్తారు, పాచిందా, పగిలిందా అని. మొత్తం కొద్ది నిమిషాల పని. దీనికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు చేస్తే చాలు, చాలాసార్లు డాక్టరు కంటే ఓపిగ్గా చేస్తుంది. చేసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. పుండు, చీము, పెద్దాసుపత్రి, వేలు తీసేయడం, ఆ తర్వాత పాదం. ఆ ఖర్చు ఏదో ఒక ఖాతాలో సర్కారు భరిస్తూనే ఉంది. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద కిడ్నీ పాడైన పేదలకు ఉచితంగా రక్తశుద్ధి చేస్తున్నారు. మంచి పనే. అంతదాకా రాకుండా చూసే మనిషికి జీతం ఇవ్వమంటేనే ఖజానా ఖాళీ అని వినబడుతుంది.

డాక్టరు ప్రాక్టీసుకు సర్కారు సొమ్ము ఇవ్వడం కొత్త ఆలోచన కాదు, పరాయి ఆలోచన అసలే కాదు. కాళహస్తిలో పుట్టిన పానుగంటి రామరాయణింగారు, అంటే పానగల్లు రాజా, మద్రాసు ప్రభుత్వాన్ని నడుపుతున్న రోజుల్లోనే, 1924లో, పల్లెల్లో స్థిరపడే ప్రైవేటు డాక్టర్లకు సబ్సిడీ ఇచ్చే పథకం మొదలైంది. డాక్టరు సర్కారు ఉద్యోగి కాడు. సొంత ప్రాక్టీసు చేసుకోవచ్చు. ఏటా కొంత సొమ్ము తీసుకుని పేదలను ఉచితంగా చూడాలి. వందేళ్ల క్రితం మనవాడు ఈ పని మొదలుపెట్టాడన్న సంగతి మన ఆరోగ్య చర్చల్లో ఎక్కడా వినబడదు. వినబడాలి.

ఆ తర్వాత 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అనే ఆలోచనకు మన దేశంలో పునాది అదే. అందులో డాక్టరు ఒంటరి కాడు. చుట్టూ నర్సులు, మంత్రసానులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఫార్మసిస్టు ఉంటారు. కాగితం మీద వేసిన ఆ జట్టులో ఎన్నో పోస్టులు చాలా రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి ఖాళీగానే ఉన్నాయి.

1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం పల్లెకో ఆరోగ్య కార్యకర్తను పెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకు యాభై రూపాయల గౌరవ వేతనం. మొదట సొమ్మంతా కేంద్రానిది. 1979లో సగం భారం రాష్ట్రాల మీద పడింది, 1981లో మళ్లీ కేంద్రం నెత్తికెత్తుకుంది. యాభై రూపాయలు మాత్రం యాభై రూపాయలుగానే ఉండిపోయాయి. బియ్యం ధర పెరిగింది, బస్సు టికెట్టు పెరిగింది, ఆ మనిషి విలువ పెరగలేదు. కొన్నాళ్లకు ఆ మనుషులు పేర్లకే మిగిలారు. కేంద్రం చేయి తీసేశాక పేర్లు కూడా పోయాయి. ఆ కార్యకర్తలు పనికిరానివాళ్లు కాబట్టి పథకం పోయిందని చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఏ మనిషైనా తన కుటుంబం గడిచేంత జీతం, రేపు కూడా ఉంటుందన్న నమ్మకం లేనిచోట ఎంతకాలం నిలబడతాడు?

ఇప్పటి సంగతికి వద్దాం. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, దానితో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2018 బడ్జెట్టులో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లు ప్రకటించారు. వాటి పేరు 2023 చివర్లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మారింది. ఉపకేంద్రానికి ఒక కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరును ఇచ్చారు. నర్సింగో ఆయుర్వేదమో చదివి, ఆరు నెలల ప్రత్యేక శిక్షణ పొందినవారు వీరు. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సరు చూడాలి, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు కూడా చూడాలి. డాక్టరు రాసిన మందులు నెలనెలా ఇవ్వాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం నెలకు ఇరవై అయిదు వేలు స్థిర జీతం, పనిని బట్టి పదిహేను వేల దాకా ప్రోత్సాహకం. డాక్టరుగారు చివరిదాకా కోరుకున్న నర్సమ్మ ఈమే. ఇంతకాలానికి సర్కారు ఆ మాట విన్నదని మొదట నాకు చాలా సంతోషం వేసింది.

సంతోషం సగంలో ఆగింది, ఎందుకంటే ఆ ఉద్యోగం కాంట్రాక్టు. మిషన్ సొమ్ము ఢిల్లీలో ఆమోదం పొందే ప్రణాళిక మీద ఆధారపడుతుంది. ప్రణాళిక కాలం అయిపోయే ప్రతిసారీ ఆ నర్సమ్మ తన ఉద్యోగం ఉంటుందో ఉండదో అని కాగితం కోసం ఎదురుచూస్తుంది. రోగికి ముప్ఫై ఏళ్ల జబ్బు, ఆమెకు మార్చి నెలాఖరుదాకా ఉద్యోగం. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూడండి. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రారంభించారు. ఒక్కో పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్లు తిరగాలి. పదివేలకు పైగా గ్రామ ఆరోగ్య క్లినిక్‌లలో ఇలా నర్సింగ్ చదివిన ఉద్యోగి రోజంతా ఉండాలి. ఆలోచన మంచిది. డాక్టరు నెలకు రెండుసార్లు వస్తాడు, మిగిలిన రోజులన్నీ ఆమే డాక్టరు. ప్రభుత్వం మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి. 2025లో అదే ఉద్యోగులు వారాల తరబడి సమ్మెకు దిగారు. క్రమబద్ధీకరించండి, ప్రావిడెంటు ఫండు ఇవ్వండి, బకాయిలు ఇవ్వండి అన్నవే వాళ్ల కోరికలు. ఎవరి మీద నిందలు వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఏ పార్టీ తెచ్చినా ఆ మనిషి కుర్చీ గట్టిది కాకపోతే రోగి పుస్తకం మధ్యలో ఆగిపోతుంది.

మన చుట్టూ ఉన్న తమిళనాడులో 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’, అంటే ‘జనాన్ని వెతుక్కుంటూ వైద్యం’, మొదలైంది. ప్రారంభించిన ఊరు కృష్ణగిరి జిల్లా సామనపల్లి. ఆ ప్రాంతంలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మహిళా సంఘాల నుంచి ఎంచుకున్న స్త్రీలు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగరు చూస్తారు, మందులు చేతికిస్తారు. మంచాన పడ్డవారి దగ్గరకు ఫిజియోథెరపిస్టు, పాలియేటివ్ నర్సు వస్తారు. 2024లో ఐక్యరాజ్య సమితి సంస్థ ఒకటి ఈ పథకానికి అవార్డు ఇచ్చింది. ఆ అవార్డుకు అది తగినదే. ఆ స్త్రీలకు ఇచ్చేది మాత్రం కొద్ది వేల గౌరవ వేతనమే. పొరుగువాళ్ల మంచిని మెచ్చుకుంటూనే ఈ మాట చెప్పుకోవాలి.

మన పుదుచ్చేరికి ఇంకో చిక్కు ఉంది. శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఆరోగ్య మిషన్‌లో మన వాటా నలభై శాతం. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతాలకు మొత్తం కేంద్రమే ఇస్తుంది. పోనీ రాష్ట్రంలా చూస్తారా అంటే అదీ లేదు, ఆర్థిక సంఘం పరిధిలో మనం లేము. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల గ్రాంటు సిఫారసు చేసింది. అది రాష్ట్రాలకు. ఖర్చుకు రాష్ట్రం, రాబడికి కేంద్రపాలిత ప్రాంతం అన్నట్టుంది మన పరిస్థితి. పుదుచ్చేరి నాయకులు ఏ పార్టీవారైనా ఈ విషయం ఢిల్లీలో గట్టిగా అడగాలి, అడుగుతున్నారు కూడా. అయినా ఆ కారణం చెప్పి పీహెచ్‌సీ నర్సును ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉంచడం న్యాయం కాదు. ఎన్ని పెద్ద భవనాలకు మనం సొంత సొమ్ము వెతుక్కోలేదు?

పెద్ద భవనం అంటే నాకు జిప్మర్ ఆసుపత్రి మీద కోపం ఉందనుకోకండి. 1823లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ పెట్టిన వైద్య పాఠశాలే రూపం మారుతూ వచ్చి జిప్మర్ అయింది. మన ఊరికి అంతకంటే గర్వకారణం లేదు. విళుప్పురం, కడలూరు నుంచి కూడా తెల్లవారకముందే బయల్దేరి వేలమంది అక్కడికి వస్తారు. వాళ్లలో ఎంతమంది కేవలం నెల గోళీల కోసం, ఒక రక్తపరీక్ష కోసం వస్తున్నారో ఆ వరసలో నిలబడి అడిగితే తెలుస్తుంది. ఆ పని ముత్యాల్‌పేటలోనో లాస్‌పేటలోనో రెడ్డియార్‌పాళయంలోనో జరగాలి. జిప్మరే కురుచికుప్పంలో నడిపే పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి నర్సులు, సోషల్ వర్కర్లు ఇళ్లకు వెళతారు. మెడికల్ కాలేజీ పిల్లలకు ప్రాథమిక వైద్యం ఎలా ఉండాలో అక్కడ నేర్పుతున్నారు. నేర్పిన పద్ధతి పక్క వీధిలోని సర్కారు కేంద్రంలో నడవడానికి ఏం అడ్డం?

ఇంగ్లండు సంగతి కొంచెం చెప్పాలి. మన గుంటూరు, విశాఖ కాలేజీల్లో చదివి అక్కడ ఫ్యామిలీ డాక్టర్లుగా స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు. అక్కడ ఫ్యామిలీ డాక్టరు సర్కారు ఉద్యోగి కాడు, సర్కారుతో ఒప్పందం ఉన్న స్వతంత్రుడు. 1966లో వచ్చిన కొత్త ఒప్పందంతో డాక్టరు పెట్టుకునే నర్సు, రిసెప్షనిస్టుల జీతంలో 70 శాతం సర్కారు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఇంటి ముందు గదిలో ఒంటరిగా కూర్చున్న డాక్టరు చుట్టూ ఒక జట్టు ఏర్పడింది. ఆ దేశపు ప్రాథమిక వైద్యానికి మంచి పేరు రావడంలో ఆ ఒక్క నిర్ణయానికి పెద్ద పాత్ర ఉంది.

2019లో మరో పథకం వచ్చింది. ముప్ఫై నుంచి యాభై వేల జనాభాకు ప్రాక్టీసులన్నీ ఒక గుంపుగా చేరాలి. ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు, ఒంటరితనం, అప్పులు, ఇంటి సమస్యలతో వచ్చేవారికి దారి చూపే లింక్ వర్కరు, ఇలాంటి కొత్త ఉద్యోగుల జీతం సర్కారు ఇస్తుంది. 26,000 మందిని చేర్చాలని లక్ష్యం పెట్టుకుని దాన్ని దాటారు. ఫార్మసిస్టు పక్కన కూర్చుని పన్నెండు రకాల గోళీల సంచి విప్పి ఏది మానాలో చెప్పడం చిన్న సాయం కాదు. కానీ సొమ్ము ఏ ఉద్యోగాలకు వాడాలో పైనుంచే జాబితా వచ్చింది. మొదట ఆ జాబితాలో డాక్టరు లేడు, మామూలు ప్రాక్టీసు నర్సూ లేదు. కొత్తగా చదువు ముగించిన ఫ్యామిలీ డాక్టర్లు ఒకవైపు పని దొరక్క తిరుగుతుంటే, మరోవైపు రోగులు డాక్టరు దొరకడం లేదని మొత్తుకున్నారు. చివరికి 2024 అక్టోబరులో ఎనిమిది కోట్ల ఇరవై లక్షల పౌండ్లు కేటాయించి వెయ్యిమంది కొత్త డాక్టర్లను కూడా ఆ పథకంలో చేర్చవలసి వచ్చింది. డాక్టరు కాని ‘ఫిజిషియన్ అసోసియేట్లు’ రోగులను సొంతంగా చూడడం మీద పెద్ద వివాదం చెలరేగితే, సమీక్ష జరిపిన జిలియన్ లెంగ్ 2025 జులైలో వాళ్ల పేరు మార్చాలనీ, జబ్బేమిటో తేలని రోగిని సాధారణంగా వాళ్లు మొదట చూడకూడదనీ సిఫారసు చేశారు. సొమ్ము ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎవరు కావాలో ఆ వీధి జబ్బులను బట్టి అక్కడి డాక్టరే ఎంచుకోవాలి.

మన డాక్టర్లకూ ఈ భయం ఉంది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షనులో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని ఉంటే వైద్య సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. వాళ్ల ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. డాక్టరు బదులు చౌకగా మరొకరిని పెట్టి చేతులు దులుపుకోవడం పేదలకు చేసే అన్యాయం. అయితే ఛత్తీస్‌గఢ్‌లో మూడేళ్లు చదివిన గ్రామీణ వైద్య సహాయకులను పీహెచ్‌సీల్లో పరిశీలించిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు జబ్బులు చూడడంలో వాళ్లు డాక్టర్లకు తీసిపోలేదని అది తేల్చింది. డాక్టరుగారు తన కాంపౌండరును ఎప్పుడూ పోటీదారుగా చూడలేదు. ఎవరి పని ఏమిటో ఇద్దరికీ తెలుసు. జబ్బేమిటో తేల్చడం ఆయన పని, గోళీ నోట్లో పడిందో లేదో చూడడం ఈయన పని.

అందుకని నేను కోరేది ఇది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగు చోట్లా ప్రతి పీహెచ్‌సీ పరిధిలోని కుటుంబాల జాబితా తయారుచేసి, ఆ కుటుంబాల సంఖ్యను బట్టి సొమ్ము ఇవ్వాలి. ఆ సొమ్ముతో నర్సును పెట్టుకోవాలా, ఫార్మసిస్టునా, ఫిజియోథెరపిస్టునా, కౌన్సెలరునా అన్నది అక్కడి వైద్యాధికారి, అక్కడి ప్రజలు కలిసి నిర్ణయించాలి. యానాంలో చేపలు పట్టేవారి వీధికి కావలసిన మనిషి, పుదుచ్చేరి ఆఫీసుల వీధికి కావలసిన మనిషి ఒకరే కానక్కర్లేదు. ఎవరిని పెట్టినా ఆ పోస్టు బడ్జెట్టు పద్దుల్లో మంజూరైన శాశ్వత పోస్టు కావాలి. సెలవు ఉండాలి, ప్రసూతి సెలవు ఉండాలి, పింఛను ఉండాలి. ముత్యాల్‌పేట వీధుల్లో ఇంకా మిగిలివున్న ప్రైవేటు ఫ్యామిలీ డాక్టర్లకు కూడా, పేద కుటుంబాలను నమోదు చేసుకుని చూస్తామని రాసిచ్చినవారికి, ఒక నర్సు జీతం సర్కారు ఇవ్వాలి. లెక్కలు పీహెచ్‌సీకి చూపించాలి. 1924లో మద్రాసు పల్లెలకు కుదిరినది ఇప్పుడు కుదరదా? ఇది ప్రైవేటుకు సొమ్ము దోచిపెట్టడమని మిత్రులు కొందరు నాతో వాదించారు. డాక్టరు ఫీజుకు సొమ్ము ఇవ్వమని నేను అనడం లేదు, నర్సు జీతానికి ఇవ్వమంటున్నాను. అది కాళ్లు చూసే మనిషికి వెళుతుంది.

2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్య బడ్జెట్టులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని చెప్పింది. దేశం ఒప్పుకుని రాసుకున్న మాటే ఇది.

ఈ హాలులో ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంది. మనకు ముప్ఫైమంది ఎన్నికైన శాసనసభ్యులున్నారు, ఏ ఇంటి నుంచైనా నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంటారు. వచ్చే బడ్జెట్టు సమావేశానికి ముందు మీ సభ్యుడి దగ్గరకు వెళ్లండి. మా పీహెచ్‌సీలో నర్సులు ఎందరు, వాళ్లలో ఎందరివి మంజూరైన పోస్టులు, ఎందరివి కాంట్రాక్టు ఉద్యోగాలు, ఎప్పటిలోగా ఖాయం చేస్తారు అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.